పగతో రగిలే కుర్రాడు కుంగ్‌ఫూ సినిమాలోకి ఎప్పుడొచ్చాడు?

గురువును ఎవరో చంపేస్తారు, శిష్యుడు ఎవరు ఆగమన్నా ఆగడు, ఒక్కడే శత్రువుల అడ్డాలోకి దూరి దొరికినవాణ్ణి దొరికినట్టు కొడతాడు. కుంగ్‌ఫూ సినిమా అనగానే చాలామందికి గుర్తొచ్చే కథ ఇదే. చైనా కథల్లో పగ పాతదే. కానీ ఆ పగను నెత్తిన పెట్టుకుని ఊగిపోయే ఈ కుర్రాడు మాత్రం తెర మీదకి చాలా ఆలస్యంగా వచ్చాడు. వాంగ్ ఫే హంగ్ నిజంగా బతికిన కుంగ్‌ఫూ గురువు. ఆయన మీద 1949లో హాంకాంగ్‌లో మొదలైన సినిమాల్లో హీరో నెమ్మదస్తుడైన పెద్దమనిషి. క్వాన్ తక్ హింగ్ ఆ పాత్రను డెబ్బైకి పైగా సినిమాల్లో వేశాడు. ఆయన వైద్యం చేస్తాడు, శిష్యుల్ని మందలిస్తాడు, తప్పనిసరి అయితేనే చెయ్యెత్తుతాడు. ఆవేశపడే శిష్యులు అందులోనూ ఉంటారు గానీ వాళ్ళ పని చివాట్లు తినడమే.

ఈ లెక్క తారుమారైంది 1967లో. అంతకు ముందు ఏడాది హాంకాంగ్‌లో జనాన్ని రేవు దాటించే స్టార్ ఫెర్రీ పడవల టికెట్ అయిదు సెంట్లు పెంచితేనే కుర్రాళ్ళు రోడ్ల మీదకొచ్చారు. 1967 మేలో ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలో మొదలైన కార్మికుల గొడవ బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటుగా మారి, బాంబుల దాకా వెళ్ళి, యాభై మందికి పైగా చనిపోయారు. సరిగ్గా ఆ వేసవిలోనే షా బ్రదర్స్ స్టూడియో నుంచి చాంగ్ చే తీసిన 'వన్ ఆర్మ్‌డ్ స్వోర్డ్స్‌మన్' వచ్చింది. హీరో జిమ్మీ వాంగ్ యు. పనివాడి కొడుకు, గురువు ఇంట్లో అవమానాలు పడతాడు, గురువు కూతురు కోపంలో అతని చెయ్యి నరికేస్తుంది. ఆ సినిమా హాంకాంగ్‌లో పది లక్షల డాలర్లు దాటింది. అప్పటిదాకా అక్కడి తెర మీద హీరోయిన్లదే రాజ్యం. మగాడి తెగువ, నెత్తురు, స్నేహం కోసం చావడం, ఇవన్నీ చాంగ్ చే కావాలని తెచ్చినవి. గొడవల్ని చూసే ఈ కథ రాశారని నేను అనను, కానీ హాల్లో కూర్చున్న కుర్రాళ్ళకి ఆ కోపం కొత్తగా అనిపించి ఉండదు.

తర్వాత 1970లో జిమ్మీ వాంగ్ యు తనే డైరెక్ట్ చేసిన 'ది చైనీస్ బాక్సర్'తో కత్తి పక్కకి పోయి పిడికిలి ముందుకొచ్చింది, ఎదుటివాడు జపాన్ కరాటేవాడయ్యాడు. ఆ దారిలోనే 1972లో బ్రూస్ లీ 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'. అందులో చనిపోయే గురువు, 1910లో షాంఘైలో పోయిన హువో యువాన్‌జియా, నిజమైన మనిషి, ఆయనకి విషం పెట్టారన్న వదంతి కూడా నిజంగా ఉన్నదే. కానీ పగ తీర్చుకునే శిష్యుడు చెన్ జెన్ కల్పితం. అందుకే అంత బలంగా తయారయ్యాడేమో, ఒక జాతి పడ్డ అవమానమంతా ఆ పాత్ర మీద పెట్టేశారు. ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది: చెన్ జెన్ కొట్టే ప్రతి దెబ్బకీ అతని స్కూల్లోవాళ్ళు మూల్యం చెల్లిస్తారు. అతను పగ తీర్చుకుంటుంటే తోటివాళ్ళ శవాలు లేస్తాయి. చివరికి తుపాకులకి ఎదురుగా ఎగిరి దూకుతాడు, బొమ్మ గాల్లోనే ఆగిపోతుంది. చప్పట్లు కొట్టించిన సినిమానే ఈ ఖరీదును కూడా దాచకుండా చూపించింది. దాన్ని చాలామంది పట్టించుకోరు, నాకు బాధ అదే.

పట్టించుకున్న మనిషి లౌ కార్ లియుంగ్. చాంగ్ చే సినిమాలకి ఏళ్ళ తరబడి ఫైట్లు కూర్చింది ఈయనే. తండ్రి లౌ చామ్, లామ్ సాయ్ వింగ్ శిష్యుడు, ఆ లామ్ సాయ్ వింగ్ స్వయంగా వాంగ్ ఫే హంగ్ శిష్యుడు. అంటే ఆ విద్య ఆయనకి ఇంట్లోంచి వచ్చింది. దాన్ని చంపడానికే వాడుతున్నట్టు చూపించడం ఆయనకి నచ్చలేదని ఆయన సొంతంగా తీసిన సినిమాలు చూస్తే తెలిసిపోతుంది. 1976లో 'ఛాలెంజ్ ఆఫ్ ది మాస్టర్స్'లో ఏకంగా వాంగ్ ఫే హంగ్‌నే ముక్కుమీద కోపమున్న కుర్రాడిగా పెట్టాడు. తండ్రి విద్య నేర్పనంటాడు, వేరే గురువు నేర్పుతాడు, నేర్చుకునేకొద్దీ క్షమించడం వస్తుంది. రెండేళ్ళకి, 1978లో, 'థర్టీ సిక్స్త్ చాంబర్ ఆఫ్ షావోలిన్'. గోర్డన్ లియు వేసిన కుర్రాడు అయినవాళ్ళని పోగొట్టుకుని పగతోనే కుంగ్‌ఫూ నేర్పే షావోలిన్ బౌద్ధ గుడికి వస్తాడు, కానీ సినిమా నడుమ భాగమంతా నీళ్ళు మోయడం, తలతో సంచుల్ని కొట్టడం, పడడం, లేవడం. పగ తీరుతుంది, కానీ చాలా తొందరగా తీరిపోతుంది. గుడిలో విద్య నేర్పే గదులు ముప్పై అయిదే, అతనికి అసలు కావలసింది ముప్పై ఆరో గది, బయటి మామూలు జనానికి విద్య నేర్పే గది. నా దృష్టిలో ఈ పాత్రకి దొరికిన అన్నిటికంటే మంచి జవాబు ఇదే.

అదే ఏడాది 'డ్రంకెన్ మాస్టర్'లో జాకీ చాన్ ఇదే దుడుకు కుర్రాణ్ణి నవ్వించేవాడిగా మార్చేశాడు, దాంతో పగ కథల జోరు తగ్గింది. చెన్ జెన్ మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాడు. 1994లో 'ఫిస్ట్ ఆఫ్ లెజెండ్'లో జెట్ లీ చేసిన చెన్ జెన్ జపాన్‌లో చదువుకున్నవాడు, జపాన్ అమ్మాయిని ప్రేమించినవాడు. గురువు చావుకి కారణం వెతుకుతాడు, పోరాడతాడు, చివర్లో బతికే ఉంటాడు.