స్కాట్లాండ్ యార్డ్, మన వేలిముద్రలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరం జిల్లాలో క్లూస్ టీమ్‌లో వేలిముద్రలు చూసే ఉద్యోగం నాది. దొంగతనం జరిగిన ఇంటికి వెళ్తే, గుమ్మం దగ్గర చేరినవాళ్లలో ఎవరో ఒకరు "స్కాట్లాండ్ యార్డ్ వాళ్లయితే ఈపాటికి పట్టేసేవాళ్లండీ" అంటారు. ఎస్సై పరీక్షకు చదివే కుర్రాళ్లూ ఆ పేరంటే అంతే భక్తి చూపిస్తారు. ఆ బ్రిటిష్ పోలీసు సంస్థ అంటే నాకూ గౌరవమే. కానీ దాని గురించి మనవాళ్లు నమ్మేవాటిలో చాలా తప్పులున్నాయి. వాటిలో ఒకటి మన దేశపు ఘనతనే మనకు తెలియకుండా చేస్తోంది.

అపోహ: అది స్కాట్లాండ్‌లో ఉంది.

లండన్‌లోనే ఉంది. 1829లో హోం మంత్రి రాబర్ట్ పీల్ లండన్ నగరానికి మెట్రోపాలిటన్ పోలీసును ఏర్పాటు చేసినప్పుడు ఆఫీసు వైట్‌హాల్ ప్లేస్‌లో, 4వ నంబరు ఇంట్లో పెట్టారు. దాని వెనుక గుమ్మం గ్రేట్ స్కాట్లాండ్ యార్డ్ వైపు ఉండేది. ఆ పేరే నిలిచిపోయింది. 1890లో థేమ్స్ ఒడ్డుకు, 1967లో బ్రాడ్‌వేకు, 2016లో మళ్లీ థేమ్స్ ఒడ్డుకు మారినా పేరు మాత్రం వదల్లేదు.

అపోహ: మొదటి రోజు నుంచీ గొప్ప డిటెక్టివ్‌లు ఉన్నారు.

మొదట్లో అందరూ యూనిఫాం వాళ్లే. మఫ్టీ పోలీసులంటే సర్కారు గూఢచారులేనని అక్కడి జనం అనుమానం. 1842లో గానీ డిటెక్టివ్ విభాగం రాలేదు. అందులో ఉన్నది ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఆరుగురు సార్జెంట్లు, అంతే. 1877లో ఆ విభాగం పరువు బజారున పడింది. గుర్రప్పందాల మోసగాళ్లతో చేతులు కలిపారని సీనియర్ డిటెక్టివ్‌లనే బోనెక్కించారు, ముగ్గురికి శిక్ష పడింది. మరుసటి ఏడాదే హోవార్డ్ విన్సెంట్ ఆధ్వర్యంలో సీఐడీ కొత్తగా మొదలైంది. తమవాళ్లనే కోర్టుకు లాగిన ఆ తెగువకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

అపోహ: వాళ్లకు తేలని కేసు లేదు.

1888లో వాళ్ల కొత్త ఆఫీసు కడుతుండగా ఆ నేలమాళిగలోనే తల, చేతులు లేని ఒక స్త్రీ మొండెం దొరికింది. చంపిందెవరో సరే, ఆమె ఎవరో కూడా ఈనాటికీ తేలలేదు.

అపోహ: వేలిముద్రల విద్య స్కాట్లాండ్ యార్డ్‌లో పుట్టింది.

నన్ను బాగా బాధపెట్టేది ఇదే. స్కాట్లాండ్ యార్డ్‌లో వేలిముద్రల బ్యూరో తెరిచింది 1901లో. కలకత్తాలో 1897లోనే ఉంది! బెంగాల్ పోలీసు ఐజీగా ఉన్న ఎడ్వర్డ్ హెన్రీ లండన్ వెళ్లి అక్కడి బ్యూరో పెట్టారు. ముద్రలను వర్గీకరించే పద్ధతికీ ఆయన పేరే వచ్చింది. దాని వెనుక లెక్కలు కట్టింది మాత్రం ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్.

ఆ లెక్క ఎంత అందంగా ఉంటుందో చూడండి. పది వేళ్లను ఐదు జతలు చేస్తారు. కుడి బొటనవేలు, చూపుడువేలు మొదటి జత. ఈ రెండింటిలో ఏ వేలిమీద సుడి ఉంటే దానికి విలువ 16. తర్వాతి జతలకు 8, 4, 2, 1. సుడి లేకపోతే సున్నా. ప్రతి జతలో ఒక వేలి విలువ పైనా, రెండోదాని విలువ కిందా వేసి, విడివిడిగా కూడి, రెండింటికీ ఒకటి కలిపితే ఒక భిన్నం వస్తుంది. పైన 32, కింద 32 రకాలు, మొత్తం 1024 అరలు. వేల స్లిప్పుల్లో వెతకాల్సిన మనిషి నేరుగా ఒక్క అర దగ్గరికి వెళ్లి నిలబడొచ్చు. కంప్యూటర్ లేని రోజుల్లో ఇది మాటలా?

లండన్‌లో వేలిముద్రతో హత్య కేసు రుజువై ఉరిశిక్ష పడింది 1905లో, స్ట్రాటన్ సోదరులకు. డబ్బుల పెట్టె మీద దొరికిన బొటనవేలి ముద్రే వాళ్లను పట్టించింది. అంతకు ఏడేళ్ల ముందే, 1898లో కోర్టుకొచ్చిన బెంగాల్‌లోని జల్పాయిగురి తేయాకు తోట మేనేజరు హత్య కేసులో, ఒక బెంగాలీ పంచాంగం మీద నెత్తుటి ముద్ర దొరికింది. అది పాత నౌకరు కాంగాలీ చరణ్‌దని తేలింది. ప్రత్యక్ష సాక్షి లేడని కోర్టు హత్య నేరం ఖరారు చేయకుండా దొంగతనానికే శిక్ష వేసింది. మా శాఖలో చేరే ప్రతి కానిస్టేబుల్‌కూ హక్, బోస్‌ల పేర్లు మొదటి వారంలోనే చెప్పాలని నా కోరిక.

అపోహ: ముద్ర దొరికితే దొంగ దొరికినట్టే.

ఆ మనిషి ముద్రలు రికార్డులో ఉంటేనే. 2022 నుంచి నాఫిస్ అనే జాతీయ వేలిముద్రల కంప్యూటర్ వ్యవస్థ వచ్చి దేశమంతటి రికార్డులతో పోల్చడం సులువైంది. కానీ మొదటిసారి దొంగతనం చేసినవాడు అందులో ఎందుకుంటాడు? అనుమానితుడు దొరికాక పోల్చుకోవడానికి ఆ ముద్రను భద్రంగా ఉంచుతాం.

అసలు చిక్కు అంతకుముందే వస్తుంది. పెళ్లికో, సిరిమానోత్సవానికో వెళ్లి వచ్చేసరికి బీరువా పగిలి ఉంటుంది. ఏడుస్తూనే ఇంటివాళ్లు లాకరు లాగి చూస్తారు, చుట్టాలు తలుపు సర్దుతారు, చీరలు మడతపెట్టేస్తారు. మేం వెళ్లి పౌడర్ వేసి బ్రష్ ఆడిస్తే హ్యాండిల్ నిండా అత్తగారివీ, పక్కింటివాళ్లవీ తేలతాయి. దొంగ ముద్ర వాటి కింద నలిగిపోయి ఉంటుంది. ఏం పోయిందో చూడాలన్న ఆత్రం ఎవరికైనా ఉంటుంది, కాదనను. మేం వచ్చేదాకా బీరువా, తాళం, కిటికీ చువ్వలు ముట్టుకోకండి. ఆ గదికి ఎవరినీ రానివ్వకండి. మీ ముద్రలు అడిగితే మిమ్మల్ని అనుమానిస్తున్నామని బాధపడకండి. మీవి పక్కన పెట్టేస్తేనే కదా, మిగిలింది ఎవరిదో వెతికేది.