డబ్బాకు రూలు వచ్చింది, పాత గోడకు రాలేదు

బెంగళూరులో ఫ్యాక్టరీలుండే పీణ్యా, రాజాజీనగర్‌లలో పాత షెడ్డు రంగు గీకి కొత్త రంగు వేయించే పని వస్తే చాలు, మళ్ళీ అదే వాదన. గీకేవాళ్ళలో అనంతపురం, కదిరి వైపు నుంచి వచ్చిన మనవాళ్ళూ ఉంటారు. మంచి మాస్కు, రక్త పరీక్ష అడిగితే వచ్చే జవాబు: ‘‘ఇప్పుడు పెయింట్లన్నీ లెడ్ (సీసం) ఫ్రీయే కదా?’’

ఆ ధీమాకు మూలం 2016 నవంబర్ 1న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్. ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) మించకూడదని, ఏడాది తర్వాత నుంచి అలాంటివే తయారు చేయాలని అందులో ఉంది. మంచి రూలే. కానీ ఇండస్ట్రియల్ పెయింట్లు దాని పరిధిలోకి రాలేదు. అప్పటికే గోడలకూ గడ్డర్లకూ పట్టి ఉన్న రంగు ఊసే లేదు. ఇవాళ్టి గొడవంతా ఆ ఖాళీలోంచి పుట్టిందే.

సీసం మీద దేశాన్ని కదిలించిన ఊళ్ళలో బెంగళూరు ముందుంది. 1999లో దాని మీద అంతర్జాతీయ సదస్సు ఇక్కడే జరిగింది. జార్జ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ నగరాల్లో పిల్లల రక్తం పరీక్షిస్తే సగానికి పైగా పిల్లల్లో సీసం డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటింది. 2000 నాటికి పెట్రోల్‌లో సీసం పోయింది. పిల్లల కోసం జరిగిన ఆ మేలు పెద్దదే. షెడ్డులో గీకేవాడి వంతు మాత్రం రాలేదు.

ఇనుముకు తుప్పు పట్టకుండా వేసిన రెడ్ లెడ్ అనే ఎర్ర రంగు, మెషిన్ల పసుపు రంగులోని లెడ్ క్రోమేట్, రెండూ సీసం ఉన్నవే, పెచ్చులూడకుండా ఉన్నంతకాలం పెద్దగా హాని చేయవు. పొడిగా ఎమ్రీ పేపరు పెట్టి రుద్దితే దుమ్మై, బ్లో ల్యాంపుతో కాలిస్తే పొగై ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేతులు సరిగా కడుక్కోకుండా అన్నం తింటే కడుపులోకి పోతాయి. మెలిపెట్టే కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, బీపీ, కిడ్నీల దెబ్బ, ముదిరితే మణికట్టు వాలిపోవడం. ఎముకల్లో చేరిన సీసం ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. పని బట్టలతో ఇంటికి వెళితే చంటిపిల్లల దాకా చేరుతుంది.

తడిపి గీకడం, పని అయ్యాక అక్కడే స్నానం చేసి బట్టలు మార్చుకోవడం ఇక్కడ అసలు జాగ్రత్తలు. టెండరులో దానికి డబ్బు లేదంటారు కాంట్రాక్టర్లు. ఉండొచ్చు. కానీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ, 2025లో దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్‌లోనూ, డాక్టరు తప్పక ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల జాబితాలో మొదటిదే సీసం విషం. రక్తం పరీక్షించకుండా గ్యాస్ మాత్రలిచ్చి పంపిస్తే ఆ పేరు ఏ కాగితం మీదికీ ఎక్కదు. పదిహేను రోజుల్లో పని అయిపోతుంది, మనిషి కదిరి బస్సెక్కుతాడు. నొప్పి ఊళ్ళో మొదలవుతుంది. ఏ షెడ్డులో ఏ రంగు గీకావని అక్కడ అడిగేవాళ్ళుండరు.