పెద్దయ్యాక కతోలికులు కావడం: అపోహలు - వాస్తవాలు

కావలి దగ్గర ఒక విచారణలో (ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడి, దాని పరిధిలోని ఊళ్లు) 12 ఏళ్లుగా ఉపదేశిగా ఉన్నాను. పెద్దవాళ్లకు జ్ఞానోపదేశం చెప్పడం నా పని. ఆర్‌సీఎంలో, అంటే రోమన్ కతోలిక సభలో చేరాలని వచ్చినవాళ్లు కూర్చోగానే ఏవో విన్న మాటలు బయటపెడతారు. వాటిలో ఎక్కువగా వినపడేవి ఇవి.

అపోహ: "వచ్చే ఆదివారమే జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వొచ్చు, ఫాదర్ గారే లేటు చేస్తున్నారు."

లేటు కాదు, క్రమమే అది. తొలి శతాబ్దాల్లో ఉన్న పద్ధతిని రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశం) మళ్లీ తెచ్చింది. 1972లో దాని క్రమం వెలువడింది. మొదట మీరు ప్రశ్నలు అడిగే కాలం. తర్వాత సంఘం ముందు మిమ్మల్ని స్వీకరించి నుదుట సిలువ గుర్తు వేస్తారు. అక్కణ్నుంచి నెలల తరబడి ఉపదేశం. తపస్సుకాలం (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు) 3, 4, 5 ఆదివారాల్లో మీకోసం గుడి అంతా ప్రత్యేకంగా ప్రార్థిస్తుంది. పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరుస్తూ నూనె పూయడం), దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) మూడూ ఒకే పూజలో అందుకుంటారు. ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు ఇంత కాలం అక్కర్లేదు. మిగతావాళ్లకు తొందరపడి ఇచ్చిన చోట, ఏడాది తిరిగేసరికి మనిషి గుడిలో కనపడకపోవడం నేను చూశాను.

అపోహ: "బాప్తిస్టు సంఘంలో తీసుకున్న బాప్తిస్మం ఇక్కడ చెల్లదు."

ప్రకాశం వైపు నుంచి వచ్చేవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఇదే. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం అది. కందుకూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని, "తాతల కాలం నుంచి బాప్తిస్టులం మాస్టారూ, మా బాప్తిస్మం అబద్ధమా?" అని అడిగింది. కాదమ్మా. నీళ్లతో, తండ్రి కుమార పవిత్రాత్మ నామమున ఇచ్చినదైతే కతోలిక సభ దాన్ని గౌరవిస్తుంది. మళ్లీ ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. ఆ అమ్మాయి ముందు పాపసంకీర్తనం చేసి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని), పూజలో విశ్వాసాన్ని ప్రకటించి, అభ్యంగనం, సత్ప్రసాదం అందుకుంది. వాళ్ల పాస్టర్ గారు ఇచ్చిన సర్టిఫికెట్ మా రికార్డులో భద్రంగా ఉంది. అయితే "యేసు నామంలో" అని మాత్రమే చెప్పి ఇచ్చే సంఘాలూ ఉన్నాయి. అలా తీసుకున్నవాళ్లకు మాత్రం జ్ఞానస్నానం ఇవ్వాల్సిందే.

అపోహ: "కతోలిక అబ్బాయిని చేసుకోవాలంటే మతం మారక తప్పదు."

తప్పదేం కాదు. బిషప్ గారి దగ్గర అనుమతి తెచ్చుకుంటే, జ్ఞానస్నానం లేని అమ్మాయితో కూడా గుడిలో పెళ్లి జరుగుతుంది. ముహూర్తం టెన్షన్‌లో నీళ్లు పోయించుకోవద్దని నేనే చెప్తాను. పెళ్లయ్యాక మనసు పుడితే అప్పుడు రండి.

పేరు మార్చుకోవాలన్న నియమం లేదు. సుబ్బమ్మ సుబ్బమ్మగానే ఉండొచ్చు, ఇష్టమైతే ఒక పునీతురాలి పేరు కలుపుకోవచ్చు. డబ్బు అడిగేదీ లేదు, ఇచ్చేదీ లేదు.

అపోహ: "జ్ఞానస్నానం తీసుకున్నా కాగితాల్లో ఏమీ మారదు."

ఈ మాట చెప్పి ధైర్యం నూరిపోసేవాళ్లంటే నాకు బాధ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవులైన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సీగా (వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపుగా) లెక్కిస్తారు. యానాదుల్లాంటి ఎస్టీలకు ఈ షరతు లేదు. ఈ ఉత్తర్వు అన్యాయమని సభ ఏటా ఆగస్టు 10న నిరసన తెలుపుతూనే ఉంది. నాదీ అదే మాట. కానీ చట్టం మారేదాకా, చదువుకునే పిల్లలున్న ఇంటికి ఈ విషయం ముందే చెప్పాలి. విన్నాక ఆలోచించుకుంటామని లేచి వెళ్లినవాళ్లున్నారు. వాళ్లను వెనక్కి లాగే హక్కు నాకు లేదు, ఎవరినీ బలవంతపెట్టకూడదని సభ చట్టమే చెప్తుంది.

అపోహ: "చదువు రానివాళ్లకు కుదరదు. పాస్కాతో పని అయిపోతుంది."

రెండూ తప్పే. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా కాసే ఒక పెద్దాయన అక్షరం ముక్క రాకుండానే పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం విని విని నేర్చుకున్నాడు. చెరువు గట్టు మీద తిరుగుతూ చెప్పుకునేవాడట. పాస్కా తర్వాత పెంతెకోస్తు దాకా 50 రోజులు కొత్తవాళ్లను సంఘం దగ్గరుండి చూసుకోవాలి. మా దగ్గర బలహీనంగా ఉన్నది ఇదే. పండుగ అయిపోగానే అందరం అలసిపోతాం. జ్ఞానస్నానంలో పక్కన నిలబడి, తర్వాత విశ్వాసంలో తోడుండే జ్ఞాన తండ్రి, జ్ఞాన తల్లి అక్కరకొచ్చేది అప్పుడే. 16 ఏళ్లు నిండి, అభ్యంగనం పొంది, విశ్వాసంలో నడిచే కతోలికులై ఉండాలి. సొంత తల్లిదండ్రులు పనికిరారు. ఆ పెద్దాయనకు జ్ఞాన తండ్రిగా నిలబడింది ఒక ఆటో డ్రైవర్, వయసులో ఆయన కొడుకంత. ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే చెరువు దాకా వెళ్లి, డ్యూటీ దిగిన ఆయన్ను ఎక్కించుకుని పూజకు తీసుకొస్తాడు.