పద్నాలుగు వందల ఎద్దులు లాగిన రాయి

చిత్తూరు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవులకు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. చార్మినార్ ఎలాగూ చూస్తారు. దాని పక్కనున్న మక్కా మసీదు దగ్గర మాత్రం పావురాలకు గింజలు చల్లి, ఫోటో దిగి వచ్చేస్తారేమోనని నా భయం. ముప్పై ఏళ్ళు రాళ్ళు కొట్టి బతికినవాణ్ణి, నా మాట కాస్త వినండి.

కాణిపాకంలో గుడి లోపలికి వెళ్ళేకొద్దీ చోటు ఇరుకవుతుంది, వెలుతురు తగ్గుతుంది. మసీదులో గర్భగుడి ఉండదు, విగ్రహం ఉండదు. ఉండేది ఒక దిక్కు. మనకు మక్కా పడమర కనుక నమాజు చేసేవాళ్ళు పడమటి గోడకు ఎదురుగా, భుజానికి భుజం ఆనించి వరుసలు కడతారు. అందుకే అంత విశాలమైన హాలు: 225 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, 75 అడుగుల ఎత్తు. పదివేల మంది పడతారు. రంజాన్ నెల చివరి శుక్రవారం అదీ చాలక వరుసలు చార్మినార్ వీధిలోకి వస్తాయి.

ఆ కప్పును మోసేవి కమానులు. మూడు వైపులా ఐదేసి, మొత్తం పదిహేను. రాయి నొక్కితే ఓర్చుకుంటుంది, వంచితే ఓర్చుకోదు. పద్దెనిమిదో ఏట నేను ఒక ఇంటి వాకిలి మీద పొడవాటి బండను అడ్డంగా వేశాను. వారం తిరక్కుండానే దాని అడుగున వెంట్రుకంత గీత! మేస్త్రి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కమానులో రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బరువును పక్కలకు నెట్టి, స్తంభాల మీదుగా నేలకు దించేస్తాయి.

1617 ప్రాంతంలో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టిన పనిని 1694 నాటికి ఔరంగజేబు ముగించాడు. అంటే మూడు తరాల రాతి పనివాళ్ళు. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు నడిమి కమానులో ఉన్నాయని, అందుకే ఆ పేరని చెప్పుకుంటారు.

పడమటి గోడలో దిక్కు చూపే గూడును మిహ్రాబు అంటారు. కట్టడం సాగుతున్న రోజుల్లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఆ ప్రార్థన స్థలం ఒకే రాయి అని, దాన్ని గనిలో తీయడానికి ఐదారు వందల మందికి ఐదేళ్ళు పట్టిందని, 1400 ఎద్దులు లాగాయని రాశాడు. ఐదేళ్ళ మాట నమ్ముతాను. పగులు లేని అంతటి రాయి దొరకడమే సగం పని. తర్వాత వరుసగా రంధ్రాలు తొలిచి, ఇనుప చీలలు దిగ్గొడుతూ ప్రతి దెబ్బనూ చెవి పెట్టి వినాలి. మోత మారిందా, సుత్తి ఆగిపోవాలి. ఎద్దుల లెక్క దగ్గరే నాకు సందేహం. అన్నిటినీ ఒకేసారి కట్టి ఉండరు, అలిసినవాటిని విప్పి కొత్తవాటిని కట్టి ఉంటారు.

శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళకండి, అది వాళ్ళ ప్రార్థన వేళ. మరో రోజు వెళ్ళి, ఆ గూడు ఎన్ని అడుగులుంటుందో కంటితో అంచనా వేసి రాయండి. బరువు నేను లెక్క కడతాను.

ఇట్లు,
మీ తాతయ్య