ప్రూఫులు, ముగ్గులు, టోల్ గేట్లు: లెక్కల మీద కొన్ని అపోహలు

హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఏటా కొత్త బ్యాచ్‌తో పాటు పాత అపోహలూ క్లాసులోకి వచ్చి కూర్చుంటాయి.

అపోహ: పది సంఖ్యలకు సరిపోయింది కదా, మళ్లీ ప్రూఫ్ ఎందుకు?

వాస్తవం: ఒక సంఖ్య తీసుకుని, దాని వర్గానికి అదే సంఖ్యనూ, ఇంకో 41నీ కలపమంటాను. 0తో మొదలుపెడితే 41, 43, 47, 53... అన్నీ ప్రధాన సంఖ్యలే. 39 దగ్గర వచ్చే 1601 కూడా అంతే. ‘ఇక ఎప్పటికీ ఇంతే సార్’ అని వెనక బెంచీ తీర్పు చెప్పేస్తుంది. 40 వేస్తే 1681. అది 41 ఇంటూ 41! నలభైసార్లు నిలబడ్డ మాట నలభై ఒకటోసారి కూలింది.

అపోహ: సౌష్ఠవం ముగ్గులకే, మార్కులకు కాదు.

వాస్తవం: ఎక్స్ క్యూబ్ కాస్ ఎక్స్‌ను −2 నుంచి 2 దాకా ఇంటిగ్రేట్ చేయమంటే, పిల్లలు బై పార్ట్స్ అనే పొడవాటి పద్ధతితో పేజీ నింపేస్తారు. అది బేసి ప్రమేయం, అంటే ఎక్స్ బదులు −ఎక్స్ వేస్తే విలువ గుర్తు మాత్రమే మారుతుంది. సున్నాకు అటూ ఇటూ ఉన్నవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. జవాబు సున్నా, ఒక్క లైను.

అపోహ: కాలిక్యులస్ న్యూటన్ ఒక్కడిదే.

వాస్తవం: జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ దాన్ని విడిగా కనిపెట్టాడు. 14వ శతాబ్దంలోనే కేరళ గణితవేత్త మాధవుడికి సైన్ అనంత శ్రేణి, అంటే సైన్ విలువను అంతులేని కూడికగా రాసే సూత్రం తెలుసు. అలాగని అదే పూర్తి కాలిక్యులస్ అనడం మాత్రం అతి.

అపోహ: లగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం బట్టీ పడితే చాలు.

వాస్తవం: మొదట్లో నేనూ బట్టీయే పట్టించాను, ఒప్పుకుంటున్నా. సగటు వేగం ఎంతో, దారిలో ఏదో ఒక క్షణాన అసలు వేగమూ అంతే ఉండి తీరాలన్నదే దాని సారం. ఇప్పుడు అది చెప్పడానికి ఓఆర్ఆర్ (హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు) ఎక్కిస్తాను. ఒక కారు రెండు టోల్ గేట్ల మధ్య 60 కిలోమీటర్లు 25 నిమిషాల్లో వెళ్లిందనుకోండి. సగటు వేగం గంటకు 144. కెమెరా ఏదీ పట్టకపోయినా, దారిలో ఏదో ఒక క్షణాన స్పీడోమీటర్ ముల్లు కచ్చితంగా 144 మీద ఉండి తీరాలి. కారు ఒకచోట మాయమై ఇంకోచోట తేలదు, దాని వేగమూ ఉన్నట్టుండి ఎగిరి దూకదు కాబట్టి ఆ మాట చెప్పగలుగుతున్నాం. సిద్ధాంతంలో అందరూ వదిలేసే షరతులు ఇవే.

ఈమధ్య ఒకబ్బాయి లేచాడు. ‘మధ్యలో పావుగంట చాయ్‌కి ఆగితే సార్?’

40 నిమిషాలవుతుంది, సగటు 90కి పడిపోతుంది. ఓఆర్ఆర్ మీద అలా ఆగకూడదనుకోండి, అది వేరే సంగతి. 90 సగటుతో 144ను రుజువు చేయలేం కాబట్టి, ఆ డ్రైవర్ లగ్రాంజ్‌కి మాత్రం దొరకడు.