చెత్తలో దాగిన నీళ్లు

చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటులో కొలిమి కన్నా ముందు చూడాల్సింది క్రేన్ నడిపే మనిషి పనిని. లారీలు తెచ్చిన చెత్త లోతైన కాంక్రీటు గుంతలో పడుతుంది. దాన్ని బంకర్ అంటారు. క్రేన్ ఆ చెత్తను గుప్పిట పట్టి ఎత్తుతుంది, జారవిడుస్తుంది, మళ్లీ ఎత్తుతుంది. గంటల తరబడి ఇదే పని. ఒక పట్టులో ఎండు అట్టముక్కలు, ఇంకో పట్టులో తడిసిన తొక్కలు వెళ్తే మంట ఒకసారి ఎగసి, మరోసారి కుంగిపోతుంది. అందుకే ఈ కలపడం. కొలిమికి కావాల్సిన గాలిని కూడా బంకర్ నుంచే లాగుతారు, కాబట్టి కంపు బయటికి పోదు. ఇంత సులువైన ఉపాయం నాకు చాలా నచ్చింది.

అసలు చిక్కు నీళ్లతోనే. మరుగుతున్న కిలో నీటిని ఆవిరి చేయడానికే దాదాపు 2.3 మెగాజౌళ్ల వేడి ఖర్చవుతుంది. ఆ వేడి చాలావరకు పొగగొట్టం దారి పడుతుంది. మంచి బొగ్గు కిలోకు 25 మెగాజౌళ్ల దాకా ఇస్తే, కలగలిపిన ఇంటి చెత్త 10 ఇవ్వడమే ఎక్కువ. తడి బాగా ఉంటే అది 6 కన్నా దిగువకు పడిపోతుంది. అప్పుడు మంట ఆరకుండా డీజిలో, గ్యాసో కాల్చాలి. కరెంటు కోసం కట్టిన ప్లాంటు ఇంధనం తాగడం మొదలుపెడుతుంది! కాబట్టి ప్లాంటు బాగా నడవాలంటే తడి, పొడి చెత్తలు ఇంటి దగ్గరే విడిపోవాలి. తడి చెత్తకు కంపోస్టు, బయోగ్యాస్ మేలైన దారులు.

మంట వేడి బాయిలర్‌లో నీటిని ఆవిరిగా మారుస్తుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. అయితే చెత్తలోని ఉప్పు, పీవీసీ ప్లాస్టిక్ నుంచి వచ్చే క్లోరిన్ బాయిలర్ గొట్టాలను తినేస్తుంది. అందుకని ఆవిరిని సాధారణంగా 400 డిగ్రీల దగ్గరే ఆపుతారు. ఫలితంగా చెత్తలోని శక్తిలో సుమారు పావు వంతే కరెంటుగా చేతికొస్తుంది.

చెత్త కాల్చినప్పుడు పుట్టే డయాక్సిన్లనే విష రసాయనాల భయం నిజమైనదే. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం పొగ 850 డిగ్రీల వద్ద కనీసం 2 సెకన్లు ఉండాలి. అయినా పొగ చల్లారేటప్పుడు ఈ విషాలు మళ్లీ పుట్టగలవు. అందుకే వాటిని పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్ అనే బొగ్గు పొడి చల్లి, గుడ్డ సంచుల్లాంటి ఫిల్టర్లతో వడకడతారు. ఖర్చు తగ్గించుకోకూడని చోటు ఏదైనా ఉంటే అది ఇదే.

చివరికి బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా బూడిద మిగులుతుంది. కొలిమి అడుగున పడేదాంట్లోంచి ఇనుము ఏరి, మిగతాది రోడ్ల కింద పరచడానికి వాడుతుంటారు. ఫిల్టర్లలో చిక్కే మెత్తటి బూడిద కొంచెమే, కానీ పొగలోంచి ఏరిన విషమంతా అందులోనే ఉంటుంది. దాన్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్కించి, నీరు చొరబడని గోతుల్లో విడిగా పాతిపెడతారు.