వాటర్ హీటర్ బాగున్నప్పుడే ఆలోచించండి: ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

చలికాలం మొదలైతే చాలు, ఫోన్లో మీ అందరి దగ్గరా ఒకటే ప్రశ్న: "పెదనాన్నా, కరెంటు బిల్లు ఇంత వచ్చిందేంటి?" అద్దె ఇంట్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ చదువుకుంటున్నవాళ్ళూ అడుగుతున్నారు, కొత్తగా ఇల్లు కొనుక్కున్నవాళ్ళూ అడుగుతున్నారు. ఫోన్లో రెండు నిమిషాల్లో తేలే విషయం కాదిది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. బిల్లు పక్కన పెట్టుకుని తీరిగ్గా చదవండి.

ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ఇంట్లో వేడినీళ్ళకు ఏది పెట్టుకోవాలో, ఇప్పుడున్నది బాగా పనిచేస్తున్నప్పుడే నిర్ణయించుకోండి. ఇక్కడ ఆస్ట్రేలియాలో చాలామంది అలా చేయరు. నడి చలికాలం, జులైలో ఒక పొద్దున ట్యాంకు కారుతుంది, ఇంట్లో చంటిపిల్ల ఉంటుంది, ఆఫీసుకు టైమవుతుంది. ఆ టెన్షన్‌లో ప్లంబర్‌కి ఫోన్ చేస్తారు. సాయంత్రానికల్లా దొరికేది ఏదైతే అది బిగించి వెళ్తాడు. అతని తప్పేమీ లేదు, మీరడిగింది ఆ రాత్రికి వేడినీళ్ళు. కానీ ఆ ఒక్క సాయంత్రం బిగించింది పదేళ్ళు, పన్నెండేళ్ళు మీ బిల్లులో కూర్చుంటుంది.

మన ఊళ్ళలో గీజర్ అంటే స్నానాల గదిలో గోడకి వేలాడే పదిహేను, ఇరవై ఐదు లీటర్ల డబ్బా. స్విచ్ వేస్తాం, నీళ్ళు కాగాక ఆపేస్తాం. ఇక్కడ ఇంటి బయట గోడ పక్కన నిలబెట్టిన 250, 315 లీటర్ల ట్యాంకులు. వాటిని ఎవరూ రోజూ వేసి ఆపరు, అసలు అది అక్కడుందనే గుర్తుండదు. ఇక్కడ ఇళ్ళల్లో వాడే మొత్తం శక్తిలో దాదాపు నాలుగో వంతు దాకా వేడినీళ్ళకే పోతుంది. మీరేమో ఆ బిల్లు చూసి టీవీ కట్టేస్తారు, లైట్లు ఆర్పుతారు.

చిన్న లెక్క చెబుతాను, ఇది వస్తే ఏ సేల్స్‌మన్ మాటలకూ పడిపోరు. ఎన్ని లీటర్లు వేడి చేస్తున్నారో, ఎన్ని డిగ్రీలు పెంచుతున్నారో ఆ రెండూ గుణించి 860తో భాగించండి. వచ్చేది యూనిట్లు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌల్స్ కావాలి, ఒక యూనిట్ కరెంటులో 3,600 కిలోజౌల్స్ ఉంటాయి. ఆ 860 అక్కణ్ణుంచే వచ్చింది.

మెల్‌బోర్న్‌లో చలికాలం కుళాయి నీళ్ళు పది డిగ్రీల దగ్గర ఉంటాయి. స్నానానికి నలభై కావాలి, అంటే ముప్పై డిగ్రీలు పెంచాలి. నీటి పొదుపుకు మూడు స్టార్ల రేటింగ్ ఉన్న షవర్ నుంచి నిమిషానికి తొమ్మిది లీటర్లకు మించి రావు. దాని కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే 72 లీటర్లు, రెండున్నర యూనిట్లు. పాత షవర్ అయితే నిమిషానికి పదిహేను లీటర్లు పోస్తుంది. దాని కింద పావుగంట ఉంటే 225 లీటర్లు, దాదాపు ఎనిమిది యూనిట్లు. యూనిట్ 30 సెంట్లు అనుకుంటే మొదటి స్నానం 75 సెంట్లు, రెండోది రెండున్నర డాలర్లకు దగ్గర. ఇంట్లో నలుగురూ రెండో పద్ధతిలో స్నానం చేస్తే మూడు నెలలకు 850 డాలర్ల పైనే. మీలో కొందరి బిల్లు గుట్టు ఇదే. మన బకెట్ స్నానానికి పద్దెనిమిది లీటర్లు వేసుకుంటే మూడింట రెండొంతుల యూనిట్ కూడా కాదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు బకెట్, మగ్గు అడిగితే మొహమాటపడకండి, ఆనందంగా కొనిపెట్టండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ట్యాంకు మార్చలేరు, కానీ షవర్ సంగతి అడగవచ్చు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2021 నుంచి వచ్చిన అద్దె ఇళ్ళ కనీస ప్రమాణాల్లో మూడు స్టార్ల షవర్ కూడా ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో షవర్ నిమిషానికి తొమ్మిది లీటర్ల లోపు లేకపోతే నీటి వాడకం ఛార్జీ మీ దగ్గర వసూలు చేయడానికే ఓనర్‌కి వీల్లేదు. ఏజెంట్‌కి మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి. అడగడానికి భయపడాల్సిందేమీ లేదు.

ఇక ఇల్లు సొంతమైనవాళ్ళ సంగతి. మీ ముందున్న దారుల్లో నేను ఎక్కువగా చెప్పాల్సింది హీట్ పంప్ గురించి. దాని పని ఫ్రిజ్‌కి తిరగేసినట్టు ఉంటుంది. ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనకవైపు నుంచి గదిలోకి వదులుతుంది కదా, ఇది బయటి గాలిలోని వేడిని లాగి ట్యాంకులోని నీళ్ళకిస్తుంది. కరెంటుతో నేరుగా వేడి పుట్టించదు, ఉన్న వేడిని చోటు మారుస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటు తీసుకుని సుమారు మూడు యూనిట్ల వేడినివ్వగలదు. చల్లటి గాలిలోనూ వేడి ఉంటుంది, మెల్‌బోర్న్ చలికి అది ఆగిపోదు, కొంచెం ఎక్కువ సేపు తిరుగుతుంది, అంతే.

పొదుపుగా స్నానం చేసే నలుగురి ఇంటికి, ఏడాది పొడుగునా సగటు చూస్తే, ట్యాంకు నిలువ ఉండగా గాలిలోకి పోయే వేడితో కలిపి రోజుకు పది యూనిట్ల వేడి కావాలనుకుందాం. మామూలు ఎలక్ట్రిక్ ట్యాంకు 30 సెంట్ల రేటు మీద నడిస్తే రోజుకు మూడు డాలర్లు. హీట్ పంప్‌కి ఒక డాలర్. ఏడాదికి ఏడు వందల పైన తేడా. అదే ట్యాంకు ఆఫ్-పీక్ మీటర్ మీద, అంటే కరెంటు చవకగా ఉండే వేళల్లోనే, 20 సెంట్లకు నడుస్తుంటే తేడా సగానికి పడిపోతుంది. కాబట్టి "హీట్ పంప్ పెడితే ఇంత మిగులుతుంది" అని ఎవరైనా అంటే, ముందు మీరు ఇప్పుడు ఏ రేటు కడుతున్నారో బిల్లు తీసి చూసుకోండి. అందులో కంట్రోల్డ్ లోడ్ అనో, ఆఫ్-పీక్ అనో విడిగా ఒక లైన్ ఉంటే మీ ట్యాంకుకు వేరే మీటర్ ఉన్నట్టే. క్వీన్స్‌లాండ్‌లో దాన్ని టారిఫ్ 31, టారిఫ్ 33 అంటారు. 31 రాత్రిపూట మాత్రమే వస్తుంది, చవక. 33 రోజులో ఎక్కువ గంటలు ఉంటుంది, కొంచెం ఖరీదు. రాత్రి మాత్రమే కాగే ట్యాంకు చిన్నదై, ఇంట్లో మనుషులెక్కువైతే సాయంత్రానికి చన్నీళ్ళే మిగులుతాయి. చదువుకునే పిల్లల ఇళ్ళల్లో తగాదాలకు ఇదొక కారణం.

ఇంటి మీద సోలార్ ప్యానెళ్ళు ఉన్నవాళ్ళకు లెక్క మారిపోతుంది. 2010 ప్రాంతంలో న్యూ సౌత్ వేల్స్‌లో మనం గ్రిడ్‌కి పంపే యూనిట్‌కి 60 సెంట్లు ఇచ్చారు, క్వీన్స్‌లాండ్‌లో 44. అప్పుడు పగలు కరెంటు వాడకుండా అమ్ముకోవడం తెలివి. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు కొద్ది సెంట్లే వస్తాయి. విక్టోరియాలో 2024-25లోనే కనీస రేటు 3.3 సెంట్లకు పడిపోయింది. కొద్ది సెంట్లకు మధ్యాహ్నం అమ్మేసి, సాయంత్రం ముప్పైకి కొనుక్కోవడం ఎందుకు? ఆ మిగులు కరెంటుతో మధ్యాహ్నమే ట్యాంకు వేడి చేసుకుంటే సరిపోతుంది. మంచి ట్యాంకు పొద్దున్న స్నానాల దాకా వేడి నిలుపుతుంది. బ్యాటరీకి వేలు ఖర్చుపెట్టే ముందు, ఇంట్లో ఇప్పటికే ఉన్న ఈ నిలవకు పది నుంచి మూడు గంటల మధ్య టైమర్ పెట్టించండి.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బ్రిస్బేన్‌లో, పైకప్పు నిండా ప్యానెళ్ళుండి మధ్యాహ్నం మిగులు బాగా ఉన్న ఇంట్లో, టైమర్ పెట్టిన మామూలు ఎలక్ట్రిక్ ట్యాంకు చాలు. ధర తక్కువ, కంప్రెసర్ లేదు, ఫ్యాన్ లేదు, పాడయ్యేవి తక్కువ. మెల్‌బోర్న్‌లో అలా కుదరదు. 6.6 కిలోవాట్ల ప్యానెళ్ళు కూడా జూన్ నెలలో రోజుకు పది, పదిహేను యూనిట్లే ఇస్తాయి. అందులోంచి పది యూనిట్లు నీళ్ళకే పోతే మిగతా ఇంటికి ఏం మిగులుతుంది? అక్కడ హీట్ పంపే మేలు, మూడున్నర యూనిట్లతో సరిపెడుతుంది. హైదరాబాద్, బెంగళూరు డాబాల మీద చూసిన సోలార్ వాటర్ హీటర్ గుర్తొచ్చి కొందరు అదే అడుగుతున్నారు. ఎండ బాగా ఉన్న చోట అది మంచిదే, కానీ మెల్‌బోర్న్ మబ్బుల్లో చలికాలమంతా, ఎండ చాలనప్పుడు నీళ్ళు కాచే బూస్టర్ మీదే నడుస్తుంది.

గ్యాస్ హీటర్ ఉన్నవాళ్ళు బిల్లులో రోజువారీ సప్లై ఛార్జీ చూడండి. చుక్క గ్యాస్ వాడకపోయినా అది పడుతుంది, ఏడాదికి మూడు వందల డాలర్ల దాకా పోతుంది. ఇంట్లో వంట, రూమ్ హీటింగ్ ఇప్పటికే కరెంటుకి మారి, గ్యాస్ మీద మిగిలింది వేడినీళ్ళొక్కటే అయితే, దాన్ని కూడా మార్చి గ్యాస్ కనెక్షన్ తీసేయించండి. విక్టోరియాలో ఇది ఎలాగూ తప్పదు. 2027 మార్చి 1 నుంచి, పాడైపోయిన గ్యాస్ హీటర్ స్థానంలో ఎలక్ట్రిక్‌దే పెట్టాలని నిబంధన వస్తోంది.

హీట్ పంప్ కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. ప్రభుత్వ రాయితీలు పోగా దాదాపు ఉచితం అని అమ్మేవాళ్ళున్నారు. విక్టోరియాలో రాయితీల పథకం పేరు చెప్పుకుని ఫోన్లు చేసేవాళ్ళు, తలుపు తట్టేవాళ్ళు మితిమీరిపోతే 2024లో ఆ రెండింటినీ నిషేధించాల్సి వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా తలుపు తట్టి అమ్మబోతే వద్దని పంపించేయండి. రాయితీలు నిజమే. కేంద్ర ప్రభుత్వ పథకం కింద ధర తగ్గించే సర్టిఫికెట్లు, ఎస్.టి.సి.లు, ఉన్నాయి, రాష్ట్రాల పథకాలు వేరే ఉన్నాయి. కానీ ట్యాంకుకు ఎన్నేళ్ళ వారంటీ, కంప్రెసర్‌కి ఎన్నేళ్ళు, బాగుచేసేవాడు మీ ఊళ్ళో ఉన్నాడా, ఇవి కాగితం మీద అడిగి తీసుకోండి. ఫ్యాన్ చప్పుడు ఎంతో అడగండి. పక్కింటివాళ్ళ పడకగది కిటికీ కింద పెట్టించవద్దు. ఇళ్ళ మధ్య మీటరు జాగా ఉండే కొత్త కాలనీల్లో దీనిమీద గొడవలవుతున్నాయి. హీట్ పంప్ నెమ్మదిగా కాస్తుంది, అందుకని ట్యాంకు సైజులో పిసినారితనం వద్దు. మీ ఇద్దరికీ చాలేది, ఆరు నెలలు అమ్మానాన్నలు వచ్చి ఉంటే చాలదు.

డబ్బు కన్నా ముఖ్యమైనది ఒకటి చెప్పాలి. బిల్లు తగ్గుతుందని ట్యాంకు ఉష్ణోగ్రత అరవై డిగ్రీల కన్నా తగ్గించకండి. గోరువెచ్చగా నిలవ ఉన్న నీళ్ళలో లీజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, దాని న్యుమోనియా పెద్దవాళ్ళకు ప్రాణం మీదికి తెస్తుంది. అలాగని అరవై డిగ్రీల నీళ్ళు స్నానాల గదికి నేరుగా రాకూడదు. అరవై దగ్గర పసిపిల్ల చర్మం ఒక్క సెకనులో లోతుగా కాలిపోతుంది. యాభై దగ్గర అంత కాలడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఈ తేడా కోసమే టెంపరింగ్ వాల్వ్ అని ఒకటి బిగిస్తారు, చన్నీళ్ళు కలిపి యాభైకి మించకుండా పంపిస్తుంది. పాత ఇల్లు కొన్నవాళ్ళు అది ఉందో లేదో లైసెన్సున్న ప్లంబర్‌తో చూపించుకోండి. పిల్లలున్న ఇంట్లో ఈ పని వాయిదా వేయవద్దు.

సంక్రాంతికో, పెళ్ళిళ్ళకో నెలా రెండు నెలలు ఇండియా వెళ్ళేటప్పుడు హీటర్ స్విచ్ ఆపేసి వెళ్ళండి. ఖాళీ ఇంట్లో కూడా మామూలు ట్యాంకు రోజుకు రెండు యూనిట్ల దాకా ఊరికే తాగుతుంది. తిరిగొచ్చాక మాత్రం నీళ్ళు పూర్తిగా అరవైకి కాగేదాకా ఆగి వాడండి.

కరెంటు ప్లాన్ గురించి రెండు మాటలు. మన దగ్గర శ్లాబులు, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. ఇక్కడ చాలా ప్లాన్లలో ఎంత వాడారన్నది కాదు, ఎప్పుడు వాడారన్నది లెక్క. టైమ్ ఆఫ్ యూజ్ ప్లాన్ మీద ఉంటే చాలాచోట్ల మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఖరీదైన సమయం. ఆ వేళలో ట్యాంకు కాగకుండా టైమర్ పెట్టుకుంటే చాలు. కంపెనీల రేట్లు పోల్చడానికి ప్రభుత్వమే ఉచితంగా వెబ్‌సైట్లు నడుపుతోంది: విక్టోరియా వాళ్ళకు విక్టోరియన్ ఎనర్జీ కంపేర్, న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్, సౌత్ ఆస్ట్రేలియా వాళ్ళకు ఎనర్జీ మేడ్ ఈజీ. బిల్లు మీద ఎస్టిమేటెడ్ అని ఉంటే అది మీటర్ చదివి వేసింది కాదు, మీటర్ ఫోటో తీసి పంపి సరిచేయించండి. కట్టలేని పరిస్థితి వస్తే దాచుకుని బాధపడకండి, ముందే కంపెనీకి ఫోన్ చేసి వాయిదాలు అడగండి, ఇవ్వాల్సిన బాధ్యత వాళ్ళకుంది. వినకపోతే ప్రతి రాష్ట్రంలోనూ ఆంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫిర్యాదుకు పైసా తీసుకోరు.

ఈ ఆదివారం ఇంటి బయటికి వెళ్ళి ట్యాంకు మీద స్టిక్కర్ చూడండి. తయారైన సంవత్సరం, లీటర్లు, ఎలిమెంట్ ఎన్ని కిలోవాట్లో దానిమీదే ఉంటాయి. పదేళ్ళు దాటి ఉంటే ఈ నెలలోనే ఇద్దరు ముగ్గురు ప్లంబర్ల దగ్గర కొటేషన్లు తీసుకుని ఫోన్లో దాచుకోండి. ఐదారేళ్ళదైతే లోపలి ఆనోడ్ రాడ్ ఎప్పుడు మార్చారో కనుక్కోండి. ట్యాంకు తుప్పు పట్టకుండా ముందు తాను కరిగిపోయేది ఆ కడ్డీయే, దాన్ని వేళకి మారిస్తే ట్యాంకుకు ఇంకొన్నేళ్ళు ఆయుష్షు. స్టిక్కర్ ఫోటో, ఒక బిల్లు నాకు పంపితే, మీ ఇంటికి ఏది నప్పుతుందో కూర్చుని లెక్క కడదాం. సాయంత్రాలు నేను ఖాళీయే.

ఇట్లు,
మీ పెదనాన్న